స్క్రూ గేటా, ఆటోలాకా? రాయి లేని సీమలో క్యారబినర్ల చర్చ

లంకమనిషి (కొత్తపేట), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇల్లు కొత్తపేటలో, ఉద్యోగం హైదరాబాదులో. మూడు నెలలుగా ఆదివారాలు భువనగిరి వెళ్లి తాడు కట్టుకుని కొండ ఎక్కడం నేర్చుకుంటున్నాను. ఇన్నాళ్లూ శిక్షకుల సామానుతోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు సొంతంగా లాక్ ఉన్న క్యారబినర్లు, అంటే తాడునూ మనిషినీ కలిపే, తెరిచి మూసే గేటు ఉన్న లోహపు కొక్కేలు, మూడు కొనాలి. చూడబోతే మతి పోతోంది. చేత్తో మర తిప్పి బిగించే స్క్రూ గేట్లు కొన్ని, వదలగానే తమంతట తామే లాక్ పడే ఆటోలాకులు కొన్ని. వాటిలో మళ్లీ రెండు కదలికలతో తెరుచుకునేది, మూడు కదలికలది, అయస్కాంతంతో పట్టుకునేది. ఆకారం చూస్తే ఒకటి బేరిపండు, ఒకటి డి అక్షరం, ఒకటి కోడిగుడ్డు. ధర చూస్తే ఒకదానికి రెండింతలు ఇంకొకటి.

ఇంకో సంగతి కూడా ఉంది. మా మామయ్య కొబ్బరి దింపు తీస్తాడు. వయసు యాభై దాటింది. కాళ్లకు బంధం తప్ప ఒంటి మీద ఇంకే ఆధారం లేకుండా ఎక్కుతాడు. మొన్న నేను నడుముకు కట్టుకునే పట్టీల హార్నెస్ చేతిలోకి తీసుకుని తిరగేసి, మరగేసి చూసి, "ఇది నాకు పనికొస్తుందేమిట్రా?" అన్నాడు. ఆయనకూ ఒకటి తీసుకుందామని ఉంది. ఒకే రకం నాలుగు కొంటే సరిపోతుందా?

వైనతేయ (పి.గన్నవరం), 9:52

కొత్తపేట వాళ్లకు కొండ ఎక్కే పిచ్చి ఎలా పట్టిందండీ? మన వైపు గులకరాయి కావాలన్నా లారీలో రావాలి. ఉన్న ఒక్క ధవళేశ్వరం కొండనూ తవ్వి ఆ రాళ్లతో కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టేశాడు. ఎక్కాలనుకుంటే ఆయనకంటే ముందు పుట్టాల్సింది.

సలహా అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఖరీదైనదే కొనండి. అంతకంటే నాకేమీ తెలియదు. చదవడానికి కూర్చున్నాను.

గట్టుమీదగాలి (రాజమహేంద్రవరం), 10:25

"ఒకే రకం నాలుగు" అన్న మాట దగ్గరే ఆగండి లంకమనిషి గారూ. మీ మూడింటి సంగతి వేరు, మీ మామయ్య గారిది వేరు. ఆయన సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. నేను పదేళ్లుగా రాళ్లు పట్టుకుని వేలాడుతున్న మనిషిని, రాయి వరకే మాట్లాడతాను.

లంగరు దగ్గర, అంటే రాతికి తాడు బిగించిన చోట, మిమ్మల్ని మీరు కట్టుకోవడానికి మామూలు స్క్రూ గేట్, డి ఆకారంలోది తీసుకోండి. డి ఆకారంలో బరువు గేటు వైపు పోకుండా దానికి ఎదురుగా ఉన్న వెన్ను పక్కనే పడుతుంది, అందుకే చిన్నదైనా గట్టిది. అక్కడ ఒకసారి బిగించాక అరగంట దాకా తీసే పని ఉండదు. స్క్రూ గేట్ చవక, తేలిక, మట్టి పడితే ఊదితే పోతుంది.

బిలేకి, అంటే జోడీ పైకి వెళుతుంటే కింద నుంచి తాడు పట్టడానికి, బేరిపండు ఆకారం కావాలి. దాని మీద వృత్తంలో హెచ్ అని ఉంటుంది. హెచ్‌ఎంఎస్ అంటారే, అదే. ఆ మూడక్షరాలు ఒక ముడికి జర్మన్ పేరు. స్విట్జర్లాండ్ గైడు వెర్నర్ ముంటర్ పేరుతో ముంటర్ ముడి అని కూడా పిలుస్తారు. ఆ ముడి అటూ ఇటూ తిరగబడాలంటే లోపల చోటు కావాలి, అందుకే అడుగున అంత వెడల్పు.

ఒక్కటి మాత్రం కొనకండి: రెండు కదలికల ట్విస్ట్‌లాక్, బిలే కోసం. గేటు మీదున్న గొట్టాన్ని పావు చుట్టు తిప్పి, గేటు నొక్కితే తెరుచుకుంటుంది. పరుగెత్తే తాడు ఆ గొట్టం మీద రాసుకుంటే అదే తిప్పుతుంది, అదే నొక్కుతుంది. ముంటర్ ముడి వేసినప్పుడైతే మరీ ప్రమాదం.

లంకమనిషి, 10:41

మరి స్క్రూ గేట్ మర దానంతట అది వదులు కాదా? అదే నా భయం.

గట్టుమీదగాలి, 11:03

అవుతుంది. కదలికకు, తాడు రాపిడికి మెల్లగా వెనక్కి తిరుగుతుంది. అందుకే మూసేటప్పుడు మర కిందికి దిగేలా పెట్టుకోవాలి. అప్పుడు దాని బరువే దాన్ని మూత వైపు ఉంచుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మర మూడు నాలుగు చుట్లు తిరిగి ఒకచోట ఆగుతుంది. అక్కడ వదిలెయ్యాలి, నిమ్మకాయలా పిండకూడదు. తర్వాత అరచేత్తో గేటును లోపలికి నొక్కి చూడాలి. కళ్లతో చూడటం చాలదు, నొక్కే చూడాలి.

పిండితే ఏమవుతుందో కూడా చెబుతాను. మొదట్లో ఒకసారి తాడుకు వేలాడుతూ, నా బరువంతా దాని మీద ఉండగా, భయంకొద్దీ మరను బిర్రుగా బిగించాను. బరువు పడ్డప్పుడు లోహం కంటికి కనబడనంత సాగుతుంది. కిందికి దిగి బరువు తీసేసరికి అది ముడుచుకుని మర పట్టేసింది. ఇద్దరం పావుగంట కుస్తీ పట్టాం, ఒకరు పళ్లతో కూడా ప్రయత్నించారు. చివరికి మా శిక్షకుడు నవ్వి, "మళ్లీ వేలాడు" అన్నాడు. వేలాడి తిప్పితే రెండు వేళ్లకే వచ్చేసింది.

పాలకొల్లు మాస్టారు (పాలకొల్లు), ఆదివారం ఉదయం 6:15

పదవీ విరమణ చేసిన భౌతికశాస్త్రం మాస్టారిని. కొండలు ఎక్కలేదు కానీ వెన్ను మీద చెక్కిన అంకెల సంగతి చెప్పగలను. అందరూ పెద్ద అంకె చూసి కొంటారు, చూడవలసింది చిన్న అంకె.

కొండ సామానుకు యూరోపులో ఈఎన్ 12275 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం హెచ్ రకం క్యారబినర్ గేటు మూసి నిలువుగా లాగితే కనీసం 20 కిలోన్యూటన్లు తట్టుకోవాలి. అడ్డంగా లాగితే 7 చాలు. గేటు తెరిచి ఉంటే 6 చాలు. గుడ్డు ఆకారం దానికి నిలువు బలం 18 ఉన్నా ఒప్పుకుంటారు. ఒక కిలోన్యూటన్ అంటే దాదాపు 102 కిలోల బరువు. అంటే రెండు టన్నులు మోసే వస్తువు, గేటు తెరుచుకుంటే ఆరువందల కిలోల వస్తువు అయిపోతుంది. లాక్‌కు డబ్బు పెట్టేది ఆ తేడా కోసమే.

"నా బరువు డెబ్బయ్యే కదా, ఆరువందలు చాలదా?" అని వెనక బెంచీ వాడు అడుగుతాడు. డెబ్బై కిలోల మనిషి ఒక మీటరు పడ్డాక తాడు అతన్ని పది సెంటీమీటర్లలో ఆపిందనుకోండి. సగటు బలం అతని బరువుకు పదకొండు రెట్లు, ఏడున్నర కిలోన్యూటన్లు. అదే సాగే తాడు అరమీటరులో ఆపితే మూడు రెట్లే. క్యారబినర్ ఎంత మంచిదైనా, దాని వెనక సాగని తాడు ఉంటే లెక్క ఇలాగే తేలుతుంది.

వైనతేయ, 7:02

మాస్టారూ, వెనక బెంచీ వాడు నేనే. ఇప్పుడు అర్థమైంది.

తాడుపని (రాజోలు), ఆదివారం 11:30

ఎత్తు మీద పని చేసే వృత్తి నాది. ట్యాంకులు, పొగగొట్టాలు, ఒడ్డుకు దూరంగా సముద్రంలో వేదికలు. గట్టుమీదగాలి గారి మాట రాయికి సరిపోతుంది, చెట్టుకు సరిపోదు.

మామయ్య గారి రోజు లెక్క వేయండి. రోజుకు నలభై చెట్లు ఎక్కుతారనుకుందాం. కొబ్బరి మానుకు కొమ్మలు ఉండవు కాబట్టి తాడును మధ్యలో తీసి వేయనక్కర్లేదు. మొదట్లో ఒకసారి పెట్టడం, దిగాక ఒకసారి తీయడం. అంటే రోజుకు ఎనభై సార్లు. చేతులకు చెమట, పీచు దుమ్ము. మొలలో కత్తి. కింద రైతు తొందర. ఇలాంటి మనిషి చేతికి స్క్రూ గేట్ ఇస్తే మొదటి అయిదు చెట్లకు మర తిప్పుతాడు, పదో చెట్టుకు సగం తిప్పుతాడు, ఇరవయ్యో చెట్టుకు గేటు మూసి పైకి పోతాడు. ఆయన తప్పేమీ లేదు, ఎవరైనా అంతే. మా వృత్తికి వాడే ఈఎన్ 362 ప్రమాణంలోనూ ఇదే ఉంది: రోజులో పదే పదే తీసి పెట్టే చోట చేత్తో బిగించే లాక్ వద్దు, తనంతట తాను పడేదే కావాలి.

కాబట్టి ఆయనకు మూడు కదలికలది: గొట్టాన్ని పైకి జరపాలి, తిప్పాలి, గేటు నొక్కాలి. మూడూ ఒకేసారి పొరపాటున జరగవు.

గట్టుమీదగాలి, 11:58

ఆటోలాక్ మీద నాకున్న కోపం ఇక్కడే. "తనంతట తానే పడుతుంది" అన్న మాట నమ్మి ఎవరూ చూడరు. నా కళ్లముందే ఒకరి చొక్కా అంచు గేటులో ఇరుక్కుంది. గొట్టం సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన హాయిగా వెనక్కి వాలబోతుంటే చెయ్యి పట్టుకుని లాగాను. స్క్రూ గేట్ అయితే కనీసం "బిగించాలి" అన్న ధ్యాస ఉంటుంది. కొన్నింటికి మర తెరిచి ఉంటే ఎర్ర గీత కనబడుతుంది కూడా.

తాడుపని, 12:20

ఒప్పుకుంటాను. మా దగ్గర కొత్తవాళ్లకు మొదటి వారం ఇదే పాఠం: వదిలాక టప్‌మన్న చప్పుడు విను, తర్వాత గేటు నొక్కు. చప్పుడు రాకపోతే మధ్యలో ఏదో ఉన్నట్టే. కానీ రోజుకు ఎనభై సార్లు ధ్యాస పెట్టే మనిషిని నేనింతవరకు చూడలేదు, నన్ను నేను కలుపుకునే చెబుతున్నాను.

ఉప్పుగాలి (అంతర్వేది), ఆదివారం సాయంత్రం 5:10

పడవ ఇంజన్లు బాగు చేస్తుంటాను. ఉప్పు గురించి ఎవరూ మాట్లాడలేదేమిటి? మీరంతా కొత్త సామాను గురించి మాట్లాడుతున్నారు. మా ఊళ్లో తలుపు గడియ కూడా మూడేళ్లు దాటితే కదలదు.

అల్యూమినియం క్యారబినర్ సముద్రపు గాలికి తెల్లటి పొడి కక్కుతుంది. లోపలి స్ప్రింగు, పిన్ను ఉక్కువి. ఉప్పునీరు తగిలిన చోట ఉక్కు పక్కనున్న అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. ఆటోలాక్‌లో స్ప్రింగులు ఎక్కువ, సందులు ఎక్కువ. ఉప్పూ ఇసుకా చేరితే గొట్టం సగంలో ఆగడానికి చొక్కా అంచు అక్కర్లేదు.

అయస్కాంతం రకమైతే మా వైపు అసలు తేకండి. మా ఒడ్డున ఇసుక నల్లగా ఉంటుంది, అందులో అయస్కాంతానికి అంటుకునే ఖనిజం ఉంది. పాత స్పీకర్ అయస్కాంతానికి దారం కట్టి ఇసుకలో ఈడిస్తే గడ్డం మొలిచినట్టు అంటుకుంటుంది, మా పిల్లల ఆట అదే. ఆ క్యారబినర్ ఒక్కసారి ఇసుకలో పడితే గేటు నోట్లో నల్ల గడ్డం. భువనగిరి రాతి మీద బాగానే ఉంటుందేమో.

లంకమనిషి, 6:35

అయితే కొబ్బరి నూనె రాస్తే తుప్పు పట్టదు కదా అని మామయ్య అంటున్నాడు.

ఉప్పుగాలి, 6:50

వద్దని చెప్పండి. మన వాళ్లకు తలకైనా తలుపుకైనా కొబ్బరి నూనే మందు. అది దుమ్మును పట్టి జిగురవుతుంది. పైగా చలికాలం తెల్లవారుజామున సీసాలో నూనె గడ్డ కడుతుందా లేదా? ఇరవై నాలుగు డిగ్రీల కింద అంతే. అదే గడ్డ గొట్టంలోనూ కడుతుంది. దింపుకు ఎక్కేది ఆ వేళకే.

గోరువెచ్చటి మంచినీళ్లలో ముంచి, గేటును యాభై సార్లు ఆడించి, మెత్తని బ్రష్‌తో రుద్ది, నీడలో ఆరబెట్టాలి. ఆరాక మైనం లాంటి పొడి కందెన ఒక చుక్క, మిగిలింది తుడిచెయ్యాలి. పదిహేను రోజులకోసారి చేస్తే చాలు. మా దగ్గరయితే వారానికోసారి.

తాడుపని, రాత్రి 8:15

ఉప్పుగాలి గారి మాటతో నా సలహా కొంచెం మారుస్తున్నాను. మామయ్య గారికి మూడు కదలికలదే, కానీ ఉక్కుది. అల్యూమినియందానికి రెండింతల పైన బరువుంటుంది. ఆయన మొలకు వేలాడే కత్తి ముందు అదో లెక్క కాదు. మోటుగా వాడినా, మానుకు కొట్టుకున్నా ఓర్చుకుంటుంది. కొండ మీదికి మోసుకుపోయే మీకు అల్యూమినియమే మేలు.

ఇక అసలు సంగతి. క్యారబినర్ ఒక్కటే కొనిస్తే మామయ్య గారికి ఏమీ కొనివ్వనట్టే. మీ కొండ హార్నెస్‌కు ముందు ఒక్క ఉచ్చే ఉంటుంది. చెట్టుకు నడుము రెండు పక్కలా డి రింగులు ఉన్న పని బెల్టు కావాలి, ఛాతీకి కూడా పట్టీ ఉన్న పూర్తి హార్నెస్ అయితే మరీ మంచిది. మన దేశంలో ఐఎస్ 3521 గుర్తు చూసి కొనండి. తాడు వట్టిగా మాను చుట్టూ తిప్పితే వానాకాలం నాచు పట్టిన మాను మీద కాలు జారినప్పుడు తాడూ మనిషితోపాటే జారుతుంది. బరువు పడగానే ఉరిలా మానుకు బిగిసే తాడు కావాలి. కరెంటు స్తంభాలు ఎక్కేవాళ్లకు అలాంటివి ఉన్నాయి.

క్యారబినర్ నడుము రింగు దగ్గర ఉండాలి, మాను మీద కాదు. మాను గుండ్రానికి ఆనుకుని బరువు పడితే అది వంగుతుంది, మాస్టారు చెప్పిన అంకెలేవీ అప్పుడు పనిచేయవు.

వైనతేయ, 8:40

తెలంగాణలో 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్ష పేరుతో ప్రభుత్వమే కిట్లు ఇచ్చింది. కేరళలో కొబ్బరి బోర్డు 2011లోనే దింపు వాళ్లకు శిక్షణ మొదలుపెట్టింది. కొబ్బరి పేరు చెప్పుకుని బతికే మన సీమలో మామయ్యకు మేనల్లుడు కొనిపెట్టాలా? ఇది నవ్వులాటకు అనడం లేదు.

పాలకొల్లు మాస్టారు, 8:55

వైనతేయ, ఈ మాట పంచాయతీ సమావేశంలో కూడా అనండి.

లంకమనిషి, సోమవారం రాత్రి 10:05

అందరికీ ధన్యవాదాలు. నా మట్టుకు తేలిపోయింది: డి ఆకారంలో స్క్రూ గేట్లు రెండు, బిలేకి హెచ్‌ఎంఎస్ ఒకటి. ఆ హెచ్‌ఎంఎస్ స్క్రూ గేటా, మూడు కదలికలదా?

గట్టుమీదగాలి, 10:12

మీ శిక్షకుడు ఏది వాడితే అది. చేతికి ఒకే అలవాటు పడాలి. ఏదైనా సరే, లోపల అడ్డుతీగ ఉన్నది దొరికితే తీసుకోండి. క్యారబినర్ పక్కకు తిరిగి బరువు అడ్డంగా పడకుండా ఆపుతుంది. మాస్టారు చెప్పిన ఆ 7 గుర్తుంది కదా.

కొనేటప్పుడు వెన్ను మీద అంకెలు చెక్కి ఉన్నాయో లేదో చూడండి. తాళంచెవులకు తగిలించుకునేవి అచ్చం ఇలాగే ఉంటాయి.

లంకమనిషి, మూడు వారాల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం 2:20

ఎవరైనా ఇంకా చూస్తున్నారేమో అని రాస్తున్నాను. నా మూడూ వచ్చాయి. హెచ్‌ఎంఎస్ స్క్రూ గేటే తీసుకున్నాను, మా శిక్షకుడిది అదే.

మామయ్య సామానుకు రెండు చోట్ల తిరిగాను. మొదటి దుకాణంలో ఉక్కు క్యారబినర్ అంటే లారీ టార్పాలిన్లకు తగిలించే కొక్కెం చేతిలో పెట్టారు. అంకెలేవీ లేవు. రెండో చోట పని బెల్టు, బిగిసే తాడు, మూడు కదలికల ఉక్కువి రెండు దొరికాయి. రెండోది ఎందుకంటే రెండో వైపు రింగుకు.

నిన్న పొద్దున్న పెరట్లో పొట్టి చెట్టు మీద, మనిషెత్తులో, కింద గడ్డి పరిచి ప్రయత్నించాం. మామయ్య బొటనవేలు కాయలు కాసి పీటచెక్కలా ఉంటుంది. గొట్టాన్ని పైకి జరపడం దానికి ఒక పట్టాన రాలేదు. వేలు జారిపోతోంది. నేను చూపించబోతే చెయ్యి తోసేశాడు. అరుగు మీద కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, టప్, టప్ అని అరగంట ఆడించాడు. తర్వాత ఎడమ చేతికి మార్చాడు. కుడి చేతిలో ఎప్పుడూ కత్తి ఉంటుందట. ఎడమ చేత్తో బొటనవేలు కాకుండా వేలి కణుపులతో తోస్తే వచ్చింది.

ఎక్కి, వెనక్కి వాలమంటే వాలలేదు. ముప్పై ఏళ్లుగా మానును కావలించుకున్న మనిషి. "చేతులు వదలవేమిటి?" అని అత్త కింద నుంచి నవ్వింది. చివరికి ఒక చెయ్యి వదిలాడు, తర్వాత రెండోది. రెండు చేతులూ ఖాళీగా గాలిలో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. దిగాక, "గెల కోయడానికి రెండు చేతులూ వస్తాయన్నమాట" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. తాడును పైకి జరుపుకుంటూ ఎక్కడానికి చెట్టుకు రెండు నిమిషాలు ఎక్కువ పడుతోంది. నలభై చెట్లంటే గంటకు పైనే. దింపు కూలి చెట్టు లెక్కన కదా, ఆ గంట ఎవరి ఖాతాలో పడుతుందని అడుగుతున్నాడు.

తాడుపని, 3:05

తాడు జరపడం నెల రోజుల్లో చేతికి వస్తుంది, సగం సమయం తగ్గుతుంది. మిగతా సగం చెట్టు రేటులో కలపమని రైతును అడగాల్సిందే. నేను వచ్చే శనివారం రాజోలు వస్తున్నాను. మామయ్య గారికి అభ్యంతరం లేకపోతే కొత్తపేట వచ్చి జరిపే పద్ధతి చూపిస్తాను.

లంకమనిషి, 3:11

రండి. భోజనం మా ఇంట్లోనే. బొండాలు మామయ్య దింపుతాడు.

వైనతేయ, 3:12

బొండాలకు నేనూ వస్తాను. క్యారబినర్ అవసరం లేదు, కిందే ఉంటాను.